ఇల్లొకటే - తాళాలు మూడు

సర్వరు అన్న మాటకు చాలాకాలం వరకూ నాకు తెలిసిన అర్థం ఒక్కటే. చిన్నప్పుడు మా నాన్నగారు బజారుకు వెళ్ళినప్పుడల్లా నన్ను వెంటబెట్టుకుని కాఫీ హోటల్లో కూర్చోబెట్టేవారు. భుజాన తువ్వాలు వేసుకుని, "రెండిడ్లీ, ఒక పెసరట్టు, రెండు కాఫీ!" అని లోపలికి కేకవేసి, తరవాత అవన్నీ చేతిమీద పేర్చుకుని వచ్చే మనిషి సర్వరు. తెలుగు ఎం.ఏ. చదివి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో ప్రబంధాలూ ఛందస్సూ చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. ఇంకొక సర్వరు లోకంలో వున్నాడనీ, ఆయనగారి బిల్లు చూస్తే పెద్దవాళ్ళకే కళ్ళు తిరుగుతాయనీ నాకెలా తెలుస్తుంది?

తెలియజెప్పినవాడు మా మేనల్లుడు. వాడూ, వాడి స్నేహితుడూ కలిసి విజయవాడలో బందరు రోడ్డు పక్క సందులో రెండు గదులు అద్దెకు తీసుకుని, కంప్యూటర్ల మీద ఏవో కార్యక్రమాలు తయారుచేసి ఇస్తూ వుంటారు. పోయిన వేసవిలో ఒకనాటి రాత్రి తొమ్మిదింటికి మా ఇంటికి వచ్చాడు. మొహం వాడిపోయి వుంది. మా ఆవిడ కంచం పెడితే రెండు ముద్దలు కలిపి చెయ్యి కడిగేసుకున్నాడు.

"ఏమిట్రా సంగతి?" అన్నాను.

"సర్వరుతో వచ్చింది మామయ్యా గొడవ" అన్నాడు.

"ఏ హోటల్లోరా? చెయ్యి చేసుకున్నావా ఏమిటి?"

అంత దిగులులోనూ వాడికి నవ్వొచ్చింది. నవ్వి, నాకు తెలిసే భాషలోనే చెప్పుకొచ్చాడు.

మనం ఫోనులోనో, కంప్యూటరులోనో ఒక వెబ్‌సైటు తెరిచి "నా మార్కులెన్ని?" అని అడిగామనుకోండి. ఆ అడిగింది విని, జవాబు తెచ్చి ముందు పెట్టేది వెబ్ సర్వరు. అంటే మన హోటలు సర్వరే. అయితే ఆ జవాబు ఎక్కడో వండాలి గదా? మన హాల్ టిక్కెట్టు నంబరు చూసి, బీరువాలో లెక్కలు తీసి, కూడి, తీరుగా అమర్చి ఇచ్చే వంటవాడు ఒకడుండాలి. ఆ వంటవాడి పేరు అప్లికేషన్ సర్వరు. మా వాడి బోటి కుర్రాళ్ళు రాసేది వంటకం ఎలా చెయ్యాలో చెప్పే పద్ధతి మాత్రమే. వంట చేసేది ఆ సాఫ్ట్‌వేరు. దాన్ని తయారుచేసి అమ్మే కంపెనీలు లోకంలో కొన్ని వున్నాయి.

మా వాడు కొన్న సరుకు ఏ కంపెనీదో ఇక్కడ రాయను. అది నాకూ వాడికీ తెలిస్తే చాలు. జరిగింది మట్టుకు చెబుతాను.

ఒక ప్రైవేటు కాలేజీల యాజమాన్యం వాళ్ళు హాల్ టిక్కెట్లూ, ఫలితాలూ అన్నీ వెబ్‌సైటులో పెట్టడానికి వీళ్ళతో నాలుగు లక్షలకు ఒప్పందం చేసుకున్నారు. ఆ కంపెనీవారు పని నేర్చుకునేవాళ్ళకూ, తయారుచేసేవాళ్ళకూ తమ సాఫ్ట్‌వేరు వూరికే ఇస్తారు. దాన్ని డెవలపర్ ఎడిషన్ అంటారట. అందులో అన్ని హంగులూ వుంటాయి. వీళ్ళు ఆరు నెలలు రాత్రింబవళ్ళు కూర్చుని దానిమీదే పని పూర్తిచేశారు. ఫలితాల రోజున వేలమంది పిల్లలు ఒక్కసారిగా మీదపడతారు గనక రెండు యంత్రాలు జోడుగా పనిచేసేటట్టూ, ఒకటి కూలబడితే రెండోది అందుకునేటట్టూ ఏర్పాటు చేశారు. వాళ్ళ గదిలో అంతా భేషుగ్గా నడిచింది.

తీరా లోకానికి తలుపు తెరవడానికి లైసెన్సు కొని చూస్తే, వాళ్ళు కొన్నది స్టాండర్డ్ ఎడిషన్. జోడు యంత్రాల హంగు అందులో లేదు. అది కావాలంటే పై ఎడిషన్ కొనాలి. దాని ధర ఎక్కడా అచ్చువేసి లేదు. "మా ప్రతినిధిని సంప్రదించండి" అని ఒక్క ముక్క వుంది. సంప్రదించారు. ఆ ప్రతినిధి ఎన్ని యంత్రాలు, ఎంతమంది విద్యార్థులు, యాజమాన్యంవారి కాలేజీలెన్ని అని అన్నీ కనుక్కుని, అప్పుడు చెప్పాడు ధర. పెళ్ళికొడుకు తండ్రి మన పొలం ఎన్నెకరాలో విచారించి కట్నం చెప్పినట్టు! అదీ యంత్రానికి ఇంతని కాదు, కోరుకు ఇంతని. కోర్ అంటే ఏమిటని మీరు భయపడకండి. ఒక పొయ్యికి రెండు మంటలూ, నాలుగు మంటలూ వున్నట్టు, కంప్యూటరు మెదడులో వుండే భాగాలవి. వంటవాడి జీతం పొయ్యికున్న మంటల లెక్కన కట్టారన్న మాట. మొత్తం ఆరు లక్షలు తేలింది.

నాలుగు లక్షల పనికి ఆరు లక్షల వంటవాడు!

"ముందే చూసుకోవద్దుట్రా?" అన్నాను.

"చూశాం మామయ్యా. పట్టికలో ఆ హంగుకు ఎదురుగా ఒక చుక్క గుర్తూ, ఎక్కడో అడుగున చీమ తలకాయంత అక్షరాలూ వున్నాయి. కట్టేటప్పుడు అన్ని గదులూ తెరిచి పెట్టి, గృహప్రవేశం నాడు వంటింటికి తాళం వేశారు" అన్నాడు వాడు.

ఆ రాత్రి నన్ను బాధించినవి మరి రెండు సంగతులు. మా అక్కయ్య తన గాజులు తాకట్టు పెట్టి డబ్బు తెస్తానంటున్నదట. వాడి స్నేహితుడేమో, ఎవడి దగ్గరో దొంగ నంబరు ఒకటి వుందనీ, అది కొడితే పై ఎడిషన్ తాళం వూడి వస్తుందనీ చెబుతున్నాడట. నాకు కోపం వచ్చింది. దొంగతనం తప్పనీ, తాత తండ్రులు అలా బతకలేదనీ ఉపన్యాసం మొదలుపెట్టాను.

వాడు అంతా విని, "పోయిన ఏడు నువ్వు ఆ విమర్శ గ్రంథం మొత్తం జెరాక్సు తీయించి క్లాసులో పంచలేదూ మామయ్యా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ పుస్తకం వెల ఎనిమిది వందలు. పిల్లలు కొనలేరు. అదీ నా సమాధానం. వాడి సమాధానమూ సరిగ్గా అదే.

మర్నాటినుంచి ఈ విషయం తెలుసుకోవాలని నాకు పట్టుదల కలిగింది. సాయంత్రాలు వాడి దగ్గరే పాఠం చెప్పించుకున్నాను. అందులో నన్ను బాగా ఆకర్షించింది కోల్డ్ ఫ్యూజన్ అనే ఒక సాఫ్ట్‌వేరు కథ. మా వాడి సరుకుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది అందరికీ తెలిసిన చరిత్ర. పైగా ఇది ఒక భాష కథ గనక భాష చెప్పుకుని బతికే నాబోటి వాడి మనస్సుకు పట్టింది.

అమెరికాలో 1995లో జె. జె. అల్లెయిర్, జెరెమీ అల్లెయిర్ అనే అన్నదమ్ములు దీన్ని బయటకు తెచ్చారు. అంతకుముందు వెబ్‌సైటు చేత లెక్కలు తీయించి జవాబు చెప్పించాలంటే ఆరితేరిన ప్రోగ్రామర్లు కావలసి వచ్చేది. వీళ్ళు వెబ్ పేజీలు రాసే గుర్తులలాంటి గుర్తులతోనే ఒక తేలిక భాష కల్పించారు. సామాన్యుడు కూడా నాలుగు రోజుల్లో పట్టుకోగలిగాడు. 2003లో మొదలై, కొన్నేళ్ళు అమెరికా యువతనంతా తనచుట్టూ తిప్పుకున్న మైస్పేస్ అనే సైటు మొదట ఈ భాషలోనే నడిచింది. అల్లెయిర్ కంపెనీని 2001లో మాక్రోమీడియావారు కొన్నారు. మాక్రోమీడియాను 2005లో అడోబీవారు కొన్నారు. ఇల్లు రెండు చేతులు మారింది. భాష మట్టుకు అదే.

ఇక ధర సంగతి. 2007లో వచ్చిన ఎనిమిదవ కోల్డ్ ఫ్యూజన్‌కు స్టాండర్డ్ ఎడిషన్ 1,299 డాలర్లు, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ 7,499 డాలర్లు. ఆనాటి మన రూపాయల్లో ఒకటి సుమారు యాభై వేలు, రెండోది సుమారు మూడు లక్షలు. రెంటికీ మధ్య మెట్టు లేదు. డెవలపర్ ఎడిషన్ ఉచితం. అందులో హంగులన్నీ వుంటాయి గాని, తన యంత్రంనుంచీ మరి ఒకటి రెండు చోట్లనుంచీ తప్ప ఎవరూ దాన్ని చేరలేరు.

ఇక్కడ ఒక తమాషా వుంది. ఈ మూడు ఎడిషన్లకూ మూడు వేరు వేరు సాఫ్ట్‌వేర్లు లేవు. దింపుకునే సరుకు ఒక్కటే. అప్పట్లో పెట్టేటప్పుడు అడిగే సీరియల్ నంబరును బట్టి అది స్టాండర్డో, ఎంటర్‌ప్రైజో అయ్యేది. ఏ నంబరూ ఇవ్వకపోతే ముప్ఫయి రోజులు పరీక్షార్థం పనిచేసి, తరవాత డెవలపర్ ఎడిషన్‌గా మారి కూర్చునేది. ఇల్లొకటే, తాళాలు మూడు. ఎనిమిదవ స్టాండర్డ్ ఎడిషన్‌లో పిడిఎఫ్ కాగితాలు తయారుచేయడం వంటి కొన్ని బరువైన పనులు వున్నాయి గాని, ఒకసారికి ఒకరి పనే జరుగుతుంది. తక్కినవాళ్ళు వరసలో నిలబడాలి. యంత్రానికి బలం చాలక కాదు సుమండీ. కుళాయిని కావాలనే సన్నగా తిప్పి పెట్టారు.

ఇది విన్నప్పుడు మా కాలేజీ అర్థశాస్త్రం మాస్టారు ఒక పాత సంగతి చెప్పారు. ఫ్రాన్సులో డ్యూప్వి అనే ఇంజనీరు 1849లోనే దీన్ని కనిపెట్టి రాశాడట. ఆ రోజుల్లో రైళ్ళలో మూడో తరగతి పెట్టెలకు కొన్నిటికి పైకప్పు వుండేది కాదు. కప్పుకు అయ్యే ఖర్చు ఏపాటిది? బీదవాణ్ణి ఎండలో మాడ్చాలని కంపెనీకి సరదా కూడా లేదు. రెండో తరగతి టిక్కెట్టు కొనగలిగినవాడు పొరపాటున మూడో తరగతి ఎక్కకుండా వుండాలి. అందుకని ఆ పెట్టెను చూస్తేనే భయం పుట్టేటట్టు చేశారని ఆయన వివరించాడు. మన దేశంలో మూడో తరగతిని 1974లో ఎత్తివేశారు. కాని ఆ తెలివి ఎక్కడికీ పోలేదు. కంప్యూటరు లోపలికి వెళ్ళి కూర్చుంది.

రెండో పక్షం కూడా చెప్పకపోతే అన్యాయం. ఒక సాఫ్ట్‌వేరు తయారుకావాలంటే వందలమంది ఏళ్ళ తరబడి కష్టపడాలి. వాళ్ళకు జీతాలివ్వాలి. దొంగలు చొరబడే కన్నాలు ఎప్పటికప్పుడు పూడ్చాలి. పెద్ద బ్యాంకూ, చిన్న దుకాణమూ ఒకే ధర ఇవ్వాలంటే, ఆ ధర బ్యాంకుకు చవక, దుకాణానికి ప్రాణాంతకం. పెద్దవాడు ఎక్కువ ఇస్తేనే చిన్నవాడికి తక్కువకు ఇవ్వగలరు. మన ప్రచురణకర్తలు మాత్రం కాలికో బైండు ప్రతికి ఒక వెలా, సాదా ప్రతికి ఒక వెలా పెట్టడం లేదూ? కాబట్టి రెండు ఎడిషన్లు పెట్టడమే పాపమని నేననను. కాని సాదా ప్రతిలో అట్ట మారుతుంది గాని, ఆఖరి అధ్యాయం చింపి అమ్మరు. పైగా వెల వెనక అట్టమీద అచ్చువేసి వుంటుంది. మా మేనల్లుడి బోటివాళ్ళ కడుపుమంట అంతా ఆ ఆఖరి అధ్యాయం గురించీ, అచ్చువేయని వెల గురించీ.

ఈ పద్ధతి వల్ల ఆఖరుకు నష్టపోయేది కొనేవాడొక్కడేనా అని ఆలోచిస్తే, నాకు మరొకటి తోచింది. సరిగ్గా ఆ 1995లోనే, రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన పి.హెచ్.పి. అనే మరొక వెబ్ భాషను లోకానికి విడిచిపెట్టాడు. దానికి వెల లేదు, ఎడిషన్లు లేవు. హాస్టలు గదిలో కూర్చున్న కుర్రాడు నేర్చుకున్నదేదో, లోకం ముందు పెట్టేదీ అదే. మధ్యలో తాళం లేదు. ఆ భాషలో వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేరు రాశారు. 2003లో వర్డ్‌ప్రెస్ రాశారు. 2004లో ఫేస్‌బుక్ మొదలైందీ అందులోనే. 2003 డిసెంబరులో పుట్టిన మన తెలుగు వికీపీడియా కూడా దానిమీదే నడుస్తోంది. జీతం బత్తెం లేకుండా రాత్రిళ్ళు కూర్చుని తెలుగులో వ్యాసాలు రాసే మా శిష్యులు ఇద్దరు ముగ్గురున్నారు. ఆ వంటవాడి జీతం కోరుకు ఇంతని అడిగితే ఆ పని మొదలయ్యేదేనా?

ఒకే ఏడు పుట్టిన రెండు భాషల్లో ఒకటి లోకమంతా వ్యాపించింది. రెండోది ఇప్పటికీ బతికే వుంది గాని, కొత్తగా నేర్చుకునే కుర్రాళ్ళు దానివైపు ఆట్టే వెళ్ళడం లేదంటాడు మా వాడు. దీనికి ధర ఒక్కటే కారణమని చెప్పను. కాని గుమ్మంలో టిక్కెట్టు పెట్టిన భాషకు పండితులు మిగులుతారు గాని పసిపిల్లలు దొరకరు. భాషకు ప్రాణం పసిపిల్లలే. ఇది ఎం.ఏ. తెలుగు వాడికి ఒకరు చెప్పవలసిన మాట కాదు.

ఆ భాష మాట్లాడేవాళ్ళు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. స్విట్జర్లాండులో రైలో అనే పేరుతో అదే భాష అర్థం చేసుకునే మరొక వంటవాణ్ణి తయారుచేసి, 2009 నాటికి అందరికీ ఉచితంగా ఇచ్చారు. దానినుంచి 2015లో లూసీ అనే శాఖ చీలింది. అది ఇప్పటికీ నడుస్తోంది. ఎడిషన్ల బెడద పడలేని చాలామంది తమ పాత పనిని దానిమీదికి మార్చుకుని వూపిరి పీల్చుకున్నారు. అసలు కోల్డ్ ఫ్యూజన్ మట్టుకు 2025లో కొత్త రూపు వచ్చినప్పుడు, ఒకసారి కొని ఎల్లకాలమూ వాడుకునే పద్ధతి తీసివేసి, చందా పద్ధతిలోకి వెళ్ళింది. సొంత ఇల్లు పోయి అద్దె ఇల్లు వచ్చిందన్న మాట.

కొలబద్ద మారితే ఏమవుతుందో జావా చూపించింది. అప్లికేషన్ సర్వర్లు చాలా వాటికి పునాది జావా అనే భాష. దాన్ని ఒరాకిల్‌వారు ఇచ్చే రూపంలో చందాకు వాడుకునేవాళ్ళకు, 2023 జనవరిలో లెక్క మారింది. యంత్రాలను లెక్కపెట్టడం మానేసి, కంపెనీలోని వుద్యోగులను లెక్కపెట్టారు. చిన్న కంపెనీలకు మనిషికి నెలకు 15 డాలర్లు మొదలు. జావాను కంటితో చూడని గుమాస్తా కూడా లెక్కలోకి వస్తాడు. అదృష్టవశాత్తు అదే జావాను వూరికే ఇచ్చేవాళ్ళు ఇతరులున్నారు. కాబట్టి చాలామంది అటు తిరిగారు. తిరగడానికి ఇంకో తలుపు వుండడమే అక్కడ వాళ్ళను కాపాడింది.

మా మేనల్లుడి కథ ఏమయిందో చెప్పకుండా ముగిస్తే మీరు వూరుకోరు. దొంగ నంబరు కొట్టలేదు. గాజులు తాకట్టుకు వెళ్ళలేదు. మామా అల్లుళ్ళం ఇద్దరమూ కలిసి యాజమాన్యం సెక్రటరీగారి దగ్గరకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆరు వారాలు గడువిస్తాను. అంతకుమించి నావల్ల కాదు" అన్నారు. మా వాళ్ళు ఆ వంటవాణ్ణి మాన్పించి టామ్‌క్యాట్ అనే వంటవాణ్ణి పెట్టుకున్నారు. సన్ కంపెనీ 1999లో అపాచీ సంస్థకు అప్పగించినప్పటినుంచీ అది ఎవరికైనా ఉచితమే. వూరికే వచ్చింది గదా అని సుఖం రాలేదు. ఆ కంపెనీ సరుకుమీద ఆధారపడి రాసిన భాగమంతా తిరగరాయవలసి వచ్చింది. అర్ధరాత్రి ఏదన్నా ఆగిపోతే ఫోను చేసి అడగడానికి దిక్కు లేదు. ఎవరికి వాళ్ళే వైద్యులు. ఆ ఆరు వారాల్లో వాడు అయిదు కిలోలు తగ్గాడని మా అక్కయ్య ఇప్పటికీ అంటుంది.

ఫలితాల రోజు గడిచింది. ఒక యంత్రం మధ్యాహ్నం పన్నెండింటికి కూలబడితే రెండోది అందుకుంది. లాభం అంటూ చేతికి ఏమీ మిగల్లేదు గాని, మొదటి లైసెన్సుకు పెట్టిన డబ్బు పోగా అప్పు లేకుండా బయటపడ్డారు.

ఇప్పుడు వాడు ఏ సాఫ్ట్‌వేరు ముట్టుకునే ముందైనా మూడు ప్రశ్నలు కాగితంమీద రాసుకుంటాడు. ఈవేళ వూరికే ఇస్తున్న దానిలో, తలుపు తెరిచేనాడు తాళం పడేవి ఏవి? వెల అచ్చువేసి వుందా, వుంటే దేనిని లెక్కపెట్టి అడుగుతారు - యంత్రాన్నా, కోరునా, మనిషినా? రేపు వీళ్ళతో పడకపోతే మన వంటకాన్ని ఇంకొక వంటవాడు వండగలడా? ఈ పనిలో పిల్లలున్న ఇళ్ళు ఈనాడు ప్రతి వీధిలోనూ వున్నాయి. మీ వాడిచేత కూడా ఈ మూడూ రాయించండి.

నా సంగతి ఒకటి మిగిలింది. ఆ ఎనిమిది వందల పుస్తకం అయిదు ప్రతులు కొని మా డిపార్టుమెంటు బీరువాలో పెట్టాను. బీరువాకు తాళం వెయ్యలేదు. పిల్లలు తీసుకువెడుతున్నారు, తెచ్చి పెడుతున్నారు. ఒక ప్రతి మట్టుకు ఇంకా తిరిగి రాలేదు. ఎవరో శ్రద్ధగా చదువుకుంటున్నారు కాబోలు.